పాత చిత్రాల్లో చెంపదెబ్బ: అప్పుడు ఎందుకు చప్పట్లు కొట్టాం?

సన్నజాజి72
మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా అమ్మ, నేను, మా అమ్మాయి ముగ్గురం కూర్చుని 1970ల నాటి ఒక సాంఘిక చిత్రం చూశాం. చిత్రం పేరూ, కథానాయకుడి పేరూ కావాలనే రాయడం లేదు. రాస్తే ఈ చర్చ అభిమానుల కురుక్షేత్రం అవుతుందని నాకు తెలుసు. కథ మధ్యలో చదువుకున్న కోడలు అత్తగారిని ఒక మాట తూలుతుంది. భర్త ఆమె చెంప ఛెళ్ళుమనిపిస్తాడు. ఆమె చెంప మీద చేయి పెట్టుకుని రెండు క్షణాలు అలాగే నిలబడి, ఆ తరువాత నెమ్మదిగా నవ్వి, వంగి అతని కాళ్ళకు దణ్ణం పెడుతుంది. వెనుక వీణ మోగుతుంది.

దెబ్బ పడగానే, ఎనభైకి దగ్గర పడుతున్న మా అమ్మ "అదీ, అలా పడాలి దానికి" అంది. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి మాత్రం ఏమీ అనకుండా రిమోట్ తీసుకుని బొమ్మను ఆపేసింది. తెర మీద ఆ నటి చేయి చెంప మీదే ఉంది, పెదవి అప్పుడే విచ్చుకోబోతోంది. "అమ్మా, ఈవిడ ఎందుకు నవ్వుతోంది?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు.

ఆ చిత్రాన్ని నేను చిన్నప్పటి నుంచి ఆరేడు సార్లయినా చూసి ఉంటాను, పాటలన్నీ కంఠతా వచ్చు. అయినా ఆ దెబ్బ నాకు గుర్తే లేదు. కళ్ళ ముందు అన్నిసార్లు పడిన దెబ్బ మనసులో ఒక్కసారి కూడా ఎందుకు నిలవలేదో మీలో ఎవరైనా చెప్పగలరా?

నేలటిక్కెట్టు
మీరిచ్చిన ఆనవాళ్ళతో పేరు పట్టేద్దామని కూర్చున్నాను. ఐదు చిత్రాలు తేలాయి, ఐదింటికీ అతికినట్టు సరిపోయింది. వీణ దగ్గర మాత్రమే తేడా వచ్చింది, రెండింటిలో అది వయొలిన్.

వేపచెట్టునీడ
నేను కొంత ఎదురు మాట్లాడక తప్పదు. యాభై ఏళ్ళ కిందటి చిత్రాన్ని ఇవాళ్టి కళ్ళద్దాలు పెట్టుకుని చూసి తప్పు పట్టడం చాలా తేలిక. ఆ రోజుల్లో తెర మీద దెబ్బ ఆడవాళ్ళకు మాత్రమే పడలేదు. పెళ్ళీడుకొచ్చిన కొడుకును తల్లి కొట్టేది, తమ్ముణ్ణి అన్న కొట్టేవాడు, బడిలో మాస్టారు బెత్తం విరిగేదాకా కొట్టేవారు. గోడకుర్చీ వేయించని మాస్టారిని మా ఊళ్ళో మాస్టారి కిందే జమ కట్టేవారు కాదు. పావుగంట సంభాషణలో చెప్పవలసిన కోపాన్నీ ప్రేమనూ బాధనూ దర్శకుడు ఒక్క దెబ్బతో చెప్పేవాడు, ప్రేక్షకుడికీ అది అర్థమయ్యేది. చెంపదెబ్బ అప్పటి చిత్రభాషలో ఒక విరామచిహ్నం లాంటిది. దాన్ని ఇప్పుడు నేరంగా చదివితే ఆ కాలాన్ని అపార్థం చేసుకున్నట్టే అవుతుంది.

కాఫీపొడి
విరామచిహ్నమనే అనుకుందాం. తల్లి కొట్టింది కొడుకును, అన్న కొట్టింది తమ్ముణ్ణి, మాస్టారు కొట్టింది పిల్లవాణ్ణి. అన్నిచోట్లా పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను కొట్టారు. ఆ వరుసలోనే భార్యను కూడా నిలబెట్టారు మీరు. ఆవిడ ఎప్పుడు చిన్నపిల్ల అయిందో చెప్పండి.

వేపచెట్టునీడ
కాఫీపొడి గారు నా వాదనకు సరిగ్గా కీలు దగ్గర దెబ్బ కొట్టారు. (ఈ మాట వాడవచ్చో లేదో కూడా ఇప్పుడు ఆలోచించాలి.) ఆ వరుసను నేను ఆలోచించి చెప్పలేదు, నోటికి అలా వచ్చేసింది.

గోంగూరపచ్చడి
ఆలోచించకుండా వచ్చిందే అసలు మాట.

తిక్కనగారిపెరడు
"ఆ కాలమే అంత" అనేవారికి ఒక చిక్కుంది. మన పాత కథలన్నీ ఆడవాళ్ళ మీద చేయి చేసుకోవడాన్ని సమర్థించలేదు. విరాటపర్వంలో నిండు సభలో ద్రౌపదిని తన్నినవాడు కీచకుడు. అతనికి ఏం జరిగిందో తెలుగునాట పిల్లలకు కూడా తెలుసు. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో ఎస్.వి. రంగారావు గారి కీచకుణ్ణి భీముడు మట్టుబెడుతుంటే చూసి తృప్తిపడిన ప్రేక్షకులే, మరుసటి వారం సాంఘిక చిత్రానికి వెళ్ళి కథానాయకుడు భార్యను కొడితే ఈలలు వేశారు. పౌరాణికంలో ప్రతినాయకుడి చేతిగా ఉన్నది సాంఘికంలోకి వచ్చేసరికి కథానాయకుడి చేయి అయింది. ఈ బదిలీ ఎలా జరిగిందని నా సందేహం.

దీనికి తలకిందులు ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. ‘శ్రీకృష్ణ తులాభారం’ (1966)లో సత్యభామగా జమున గారు అలిగి కృష్ణుణ్ణి, అంటే ఎన్.టి. రామారావు గారి తలను, కాలితో తోస్తారు. ఆ ఘట్టం నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’ నుంచి వచ్చినదే. తిమ్మన కృష్ణుడు తిరిగి చేయెత్తడు. నువ్వు తన్నడం నాకు గౌరవమే కానీ, నా ఒంటి మీద నిక్కబొడుచుకున్న రోమాలు ముళ్ళలా నీ మెత్తని పాదానికి గుచ్చుకున్నాయేమో అని బెంగపడతాడు. రాయలవారి సభలో అంత మర్యాదగా ఊహించగలిగిన భాష మనది. నాలుగు వందల యాభై ఏళ్ళ తరువాత అది ఎందుకు అంత మొరటు పడిందో!

నేలటిక్కెట్టు
ఆ కాలితాపు చూసి తట్టుకోలేని అభిమానులు ఉన్నారని మా నాన్న చెప్పేవారు. దేవుణ్ణి తన్నినందుకు వచ్చిన బాధా, తమ కథానాయకుణ్ణి తన్నినందుకు వచ్చిన బాధా అన్నది మాత్రం ఆయన తేల్చలేదు.

బామ్మమాట
సామెతల్లోనే ఉంది కదండీ సంగతంతా. మొగుడు కొట్టినందుకు కాదట, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. అంటే మొగుడు కొట్టడం వానా ఎండా లాంటి మామూలు సంగతి, దానికి ఏడవనక్కరలేదు. అదే ఆడది కొడితే "మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కింది" అని ఊరంతా చెప్పుకోవడానికి వేరే సామెత. చిత్రాలు రాసినవారు ఈ రెండు సామెతల మధ్య పెరిగినవారే.

రీలుపెట్టె
నేను 1980ల్లో మద్రాసులో ఒక రికార్డింగ్ థియేటర్‌లో చిన్న ఉద్యోగం చేశాను. దెబ్బ సంగతి నాకు వేరే వైపు నుంచి తెలుసు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

చిత్రీకరణలో చెంప మీద నిజంగా దెబ్బ పడడం అరుదు. కొట్టే నటుడి భుజం వెనుక నుంచి కెమెరా పెడతారు, చేయి ముఖానికి జానెడు దూరంలో గాలిలోంచి పోతుంది, నటి లెక్క ప్రకారం తల తిప్పుతుంది. శబ్దం తరువాత మేము కలపాలి. మా దగ్గర ఆ పని చేసే ఆయన తెర ముందు నిలబడి, బొమ్మలో చేయి ముఖం దాటే క్షణానికి సరిగ్గా తన రెండు అరచేతులనూ చరిచేవారు. అది చాలకపోతే తోలుముక్క మీద కొట్టేవారు. రోజుకు ఏడెనిమిది దెబ్బలు పడితే సాయంత్రానికి ఆయన అరచేతులు ఎర్రబడేవి. ఆ దెబ్బలకు నిజంగా ఒళ్ళు నొచ్చింది ఆయనకే.

అసలు విషయం ఇది. ప్రతినాయకుడు కొట్టిన దెబ్బకూ కథానాయకుడు కొట్టిన దెబ్బకూ మేము ఒకే శబ్దం వాడేవాళ్ళం కాదు. ప్రతినాయకుడి దెబ్బ బరువుగా, దాని వెంటే డప్పో ఉరుమో ఉండేది. కథానాయకుడి దెబ్బ శుభ్రంగా, ఒక్క ‘ఛెళ్’ మాత్రమే, దాని తరువాత రెండు క్షణాలు నిశ్శబ్దం, ఆపైన తంత్రీవాద్యం. "దెబ్బ పడ్డాక వాళ్ళకు ఊపిరి తీసుకునే చోటివ్వండి, ఈల వేయాలి కదా" అని ఒక దర్శకుడు మాతో అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది. ఈల ఎక్కడ పడాలో ముందే లెక్కకట్టి ఖాళీ వదిలేవాళ్ళం. సన్నజాజి గారూ, మీకు ఆ దెబ్బ గుర్తు లేదంటే తప్పు మీది కాదు, మేము పని బాగా చేశామన్నమాట.

సన్నజాజి72
ఆ రెండు క్షణాల నిశ్శబ్దంలోనే మా అమ్మాయి బొమ్మను ఆపింది. మీ టపా ఆమెకు చదివి వినిపించాను. "అయితే ఆ ఖాళీ ఈల కోసం వదిలిందా!" అని చాలాసేపు దాని గురించే మాట్లాడింది.

ఓరుగల్లు_తరగతిగది
రీలుపెట్టె గారు చెప్పినదానికి నా దగ్గర ఒక రుజువుంది. నేను డిగ్రీ కళాశాలలో పాఠం చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక తరగతిలో రెండు చిత్రాల ముక్కలు చూపించాను, ఒకటి నలుపు తెలుపుల కాలానిది, రెండోది 2017 నాటి ‘అర్జున్ రెడ్డి’లో కథానాయకుడు ప్రీతిని కొట్టే ఘట్టం. మొదటిసారి శబ్దంతో వేసినప్పుడు వెనుక బెంచీల నుంచి, నేను అనుకున్నట్టే, రెండింటికీ కేకలు వచ్చాయి. తరువాత అవే ముక్కలను శబ్దం పూర్తిగా తీసేసి వేశాను. ఒక్కరూ అరవలేదు. కాసేపటికి ఒక కుర్రాడు, అందరికంటే గట్టిగా కేక వేసినవాడే, "మేడమ్, ఆ అమ్మాయి భయపడుతోంది" అన్నాడు. రెండో ముక్క గురించి కాదు అతను అన్నది, పాత దాని గురించి. సంగీతం ఉన్నంతసేపు ఆమె ముఖం వాళ్ళకు కనిపించలేదు.

అయితే అదే తరగతిలో ఒక అమ్మాయి లేచి, "కొట్టే చనువు లేనివాడు మన మనిషి ఎలా అవుతాడు మేడమ్" అని నిజాయితీగానే అడిగిందని కూడా చెప్పాలి. ఆ ప్రశ్నకు నేను ఆ గంటలో సరైన సమాధానం చెప్పలేకపోయాను.

కాఫీపొడి
ఆ అమ్మాయిని తప్పు పట్టలేం. 2019లో ఆ చిత్రం హిందీలో ‘కబీర్ సింగ్’గా వచ్చినప్పుడు, కొట్టుకునే చనువు లేని చోట భావోద్వేగమే లేదన్న అర్థం వచ్చేలా దర్శకుడు ముఖాముఖిలో మాట్లాడారు. దాని మీద పెద్ద దుమారమే లేచింది, మన సమంత, చిన్మయి వంటివారు కూడా బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. 1970ల్లో అలాంటి మాట ఎవరూ అని ఉండరు. ఎందుకంటే అప్పుడు ఎవరూ అడిగి ఉండరు. సంజాయిషీ చెప్పుకోవలసి రావడమే నాకు కనిపిస్తున్న మార్పు.

డల్లాస్‌బావ
మార్పు తరువాతి ఏడాదికే తెర మీదకూ వచ్చింది. 2020లో తాప్సీ నటించిన ‘థప్పడ్’లో, ఇంట్లో జరిగే విందులో నలుగురి ముందు భర్త కొట్టిన ఒకే ఒక్క దెబ్బకు భార్య విడాకులు కోరుతుంది. ఇక్కడ మా స్నేహితుల ఇంట్లో నాలుగు జంటలం కలిసి చూశాం. చిత్రం అయ్యాక "ఒక్క దెబ్బకేనా?" అన్న మగవాళ్ళు ముగ్గురు, అందులో నేనొకణ్ణి. మా ఆవిడ కారులో నలభై నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. ఇల్లు చేరాక "ఎన్నయితే చాలంటావు?" అని ఒక్క మాట అడిగి లోపలికి వెళ్ళిపోయింది.

గోంగూరపచ్చడి
బావగారూ, ఆ అంకె ఇప్పటికైనా చెప్పారా?

డల్లాస్‌బావ
చెప్పేంత ధైర్యం లేదు. అంట్లు తోముతున్నాను.

చట్టంచుట్టం
తేదీలు పక్కన పెట్టుకుని చూస్తే ఈ చర్చ ఇంకొంచెం స్పష్టమవుతుంది. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. కానీ భర్త, అతని బంధువులు పెట్టే క్రూర హింసను ప్రత్యేక నేరంగా గుర్తించిన 498-ఎ సెక్షన్ భారత శిక్షాస్మృతిలో చేరినది 1983లో. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో ఆమోదం పొంది 2006 అక్టోబరు 26 నుంచి అమలులోకి వచ్చింది. ఈ చట్టంలో శారీరక హింసతో పాటు మాటలతో, డబ్బు కట్టడి చేసి పెట్టే హింస కూడా ఉంది, పెళ్ళి కాకుండా కలిసి ఉంటున్న స్త్రీకి కూడా వర్తిస్తుంది. అంటే సన్నజాజి గారు చూసిన చిత్రం విడుదలైన నాటికి, ఆ దెబ్బ తిన్న కోడలు ఠాణాకు వెళ్ళినా మామూలు కొట్లాట కేసు తప్ప రాయడానికి వేరే సెక్షన్ లేదు. చట్టంలో పేరు లేనిదానికి ప్రేక్షకుడి మనసులోనూ పేరు ఉండదు.

సెన్సారు వారి మార్గదర్శకాల్లో స్త్రీలను కించపరిచే దృశ్యాలు ఉండరాదన్న మాట ఉంది, 1991 నాటి మార్గదర్శకాలు ఇప్పటికీ చెల్లుతున్నాయి. దాన్ని చెంపదెబ్బకు అన్వయించడం మాత్రం చాలా తక్కువ.

నేలటిక్కెట్టు
2012 నుంచి తెర మీద ఎవరైనా సిగరెట్టు ముట్టిస్తే కింద హెచ్చరిక పడుతోంది. కథానాయకుడు ఒక చేత్తో సిగరెట్టు, ఇంకో చేత్తో చెంపదెబ్బ అయితే హెచ్చరిక సిగరెట్టుకే. ఊపిరితిత్తులకు ఉన్న పలుకుబడి బుగ్గలకు లేదు.

వేపచెట్టునీడ
పాత చిత్రాలకు కూడా అలాంటి గీత తగిలిస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను.

డల్లాస్‌బావ
ఇక్కడ 2020లో ‘గాన్ విత్ ద విండ్’ను ఒక ఓటీటీ సంస్థ కొన్నాళ్ళు తీసేసి, జాతివివక్ష గురించి ముందుమాట చేర్చి మళ్ళీ పెట్టింది. చిత్రంలో ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు. అలాంటి ముందుమాట ఉంటే మీకు అభ్యంతరమేమిటి?

వేపచెట్టునీడ
ముందుమాట చదివేవాడికి అది అక్కరలేదు, అక్కర ఉన్నవాడు చదవడు. సన్నజాజి గారి అమ్మాయి చేసినట్టు పక్కనున్నవారు ఒక ప్రశ్న అడగాలి, అంతే. అయినా చిత్రాన్ని కత్తిరించలేదన్నారు కాబట్టి మీతో పోట్లాడను.

బామ్మమాట
‘దేవదాసు’ను ఎవరూ ప్రస్తావించలేదేమిటి? 1953 చిత్రం. మా ఇంట్లో మూడు తరాల ఆడవాళ్ళు దానికి ఏడ్చారు. శరత్ 1917లో అచ్చయిన నవలలోనే పార్వతి నుదుటి మీద దెబ్బ ఉంది, దేవదాసు కర్రతో కొట్టిన దెబ్బ. ఆ మచ్చ ఆమెకు జీవితాంతం ఉంటుంది, ఆమె దాన్ని గురుతుగా దాచుకుంటుంది. మా అమ్మమ్మ దేవదాసు కోసం ఎన్ని కన్నీళ్ళు కార్చిందో నాకు తెలుసు, ఆ మచ్చ కోసం ఒక్క చుక్క కూడా కార్చలేదు. నేనూ పెళ్ళయ్యేదాకా దాన్ని ప్రేమ గురుతనే అనుకున్నాను. ఇప్పుడు పార్వతి కనిపించినప్పుడల్లా ముందు నుదురే చూస్తున్నాను, చిత్రం నాకు వేరుగా కనిపిస్తోంది. నచ్చడం మానలేదు సుమా. సావిత్రి గారి ముఖంలో ఆ రెండూ ఉన్నాయి.

సన్నజాజి72
బామ్మమాట గారు చివర అన్నది నాకూ జరుగుతోంది. ఆ పాత చిత్రాలను వదులుకోలేను, మునుపటిలా చూడనూ లేను.

తిక్కనగారిపెరడు
‘పొగరుబోతు పిల్లను దారికి తేవడం’ అన్న కథను ఇంకొంచెం తవ్వాలి. 1962 నాటి ‘గుండమ్మ కథ’లో నాగేశ్వరరావు గారి పాత్ర జమున గారి సరోజను లొంగదీసేది చెంపదెబ్బతో కాదు, పేదరికం నటించి, ఇల్లు విడిపించి, పనిలో పెట్టి. మొరటుతనం తక్కువ, చమత్కారం ఎక్కువ, అందుకే ఇప్పటికీ నవ్వుతాం. కానీ గమ్యం ఒకటే, అమ్మాయి గర్వం అణగాలి. 1973లో వచ్చిన ‘పల్లెటూరి బావ’లో పట్నంలో పెరిగిన భార్య, పల్లెటూరి భర్త. తమిళ చిత్రం ఆధారంగా తీసినది. 1992 నాటి ‘ఘరానా మొగుడు’కు వచ్చేసరికి ఆవిడ ఏకంగా కర్మాగారం యజమానురాలు, ఆయన అందులో పనివాడు. ముప్పై ఏళ్ళలో కథానాయిక అల్లరిపిల్ల నుంచి పారిశ్రామికవేత్త దాకా ఎదిగింది, కథ మాత్రం ఆమెను దించే చోటే ఆగింది. చదువూ ఉద్యోగమూ ఆడవాళ్ళకు నిజంగా అందుతున్న కొద్దీ తెర మీద వాళ్ళను దించాలన్న ఆత్రం పెరిగిందని నా అనుమానం.

ఊరగాయజాడీ
గయ్యాళి పాత్రను మరిచిపోతున్నారు. సూర్యకాంతం గారు ఉన్న చిత్రమంటే, మెతక మొగుడు ఆఖరి రీలులో ఎప్పుడు చేయెత్తుతాడా అని హాలంతా కాచుకుని కూర్చునేది. ఆవిడ ఎంత బాగా నటించారంటే పిల్లలకు ఆ పేరు పెట్టడానికే జనం జంకారని అంటారు. ‘గుండమ్మ కథ’లో ఆ సదుపాయం లేదు, గుండమ్మ వితంతువు. అందుకే ఆవిడను ఏడిపించడానికి ఛాయాదేవి గారి పాత్రను దింపారు.

మా మేనత్త చెప్పిన మాట ఒకటి రాయాలి. వాళ్ళ ఊరి హాలులో ఆడవాళ్ళకు వేరే పక్క, మధ్యలో నడుమెత్తు గోడ ఉండేదట. సూర్యకాంతం గారికి దెబ్బ పడగానే ఆడవాళ్ళ వైపు నుంచే ఎక్కువ చప్పట్లు వచ్చేవట. "మాకు ఆవిడ కనిపించేది కాదే, మా అత్తగార్లు కనిపించేవాళ్ళు" అంది. గోడకు అవతలి మగవాళ్ళు పెళ్ళానికి పడ్డ దెబ్బకు చప్పట్లు కొట్టారు, ఇవతల కోడళ్ళు అత్తకు పడ్డ దెబ్బకు కొట్టారు. దెబ్బ ఒకటే.

రీలుపెట్టె
ఊరగాయజాడీ గారూ, మేము వదిలిన ఆ ఖాళీలో గోడకు అటూ ఇటూ వేరువేరు చప్పట్లు పడ్డాయని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

మాదాపూర్_రాత్రిడ్యూటీ
ఇదంతా పాత తరం సంగతి, ఇప్పుడు మారిపోయిందన్న ధోరణి ఒకటి ఈ చర్చలో నడుస్తోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) లెక్కలు చూడండి. చెప్పకుండా బయటికి వెళ్ళడం, వంట సరిగా చేయకపోవడం, ఎదురు మాట్లాడడం, అత్తమామలను గౌరవించకపోవడం వంటి ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త కొట్టడం సబబేనా అని అడిగితే, తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు 84 శాతం స్త్రీలు సబబే అన్నారు. హిమాచల్ ప్రదేశ్‌లో ఆ అంకె 15 శాతం లోపు. స్త్రీలే, గమనించండి. సన్నజాజి గారి అమ్మగారు ఒక్కరే కాదు సోఫాలో కూర్చున్నది.

కాఫీపొడి
ఏడు కారణాల్లో అత్తమామల గౌరవం ఉంది చూశారా. మొదటి టపాలోని సన్నివేశం అదే.

వేపచెట్టునీడ
84 అన్న అంకె చూసి నేను కాసేపు వేరే పని చేసుకోలేకపోయాను. కానీ దాన్ని చిత్రాల ఖాతాలో వేయకండి. చిత్రాలు హిమాచల్‌లోనూ చూస్తారు, అక్కడి హిందీ చిత్రాల్లో దెబ్బలు తక్కువేమీ కాదు.

మాదాపూర్_రాత్రిడ్యూటీ
చిత్రాల వల్లే అని నేను అనలేదు. చిత్రం నేర్పిందా, ఉన్నదాన్ని చూపిందా అన్నది ఎవరూ తేల్చలేరు. ఉన్నదానికి వీణ వాయించి అందం తెచ్చింది, అంత మాత్రం అనగలను.

గోంగూరపచ్చడి
మా నాన్న ఘరానా మొగుడని పేరు పెట్టుకుని తిరిగేవారు. ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో ఇప్పటికీ తెలియదు.

వేదికకాపలా
ఒక మనవి. రాత్రి నుంచి ఇద్దరు సభ్యులు ఒకరి అభిమాన నటుడి దెబ్బలను మరొకరి నటుడి దెబ్బలతో లెక్కించి పోలుస్తూ పెట్టిన పదకొండు టపాలను తొలగించాను. సన్నజాజి గారు పేరు రాయకపోవడానికి కారణం వాళ్ళిద్దరే నిరూపించారు.

ఓరుగల్లు_తరగతిగది
పాతవాటిలోనే వేరే దారి పట్టినవీ ఉన్నాయని ఒకటి చెప్పి వెళ్తాను. బాలచందర్ గారి ‘ఇది కథ కాదు’ (1979). అందులో భార్యను అనుమానించి వేధించే భర్తగా చిరంజీవి గారు, భార్యగా జయసుధ గారు. నేను చూసినప్పుడు నాకు నచ్చినది ఏమిటంటే, కెమెరా అతని కోపం పక్కన కాకుండా ఆమె అలసట పక్కన నిలబడుతుంది. అతను మారానని తిరిగి వచ్చినప్పుడు ప్రేక్షకులకు కూడా నమ్మాలో వద్దో తెలియదు. వేపచెట్టునీడ గారి ‘ఆ కాలం’లోనే ఇదీ వచ్చింది కదా. అప్పుడూ వేరుగా ఆలోచించగలిగినవారు ఉన్నారు.

వేపచెట్టునీడ
ఒప్పుకుంటున్నాను. నేను దాన్ని విడుదలైన వారంలోనే చూశాను కూడా. బయటికి వస్తూ ‘ఆడవాళ్ళ చిత్రం’ అన్నాం మా మిత్రులమంతా. అలా అనేసి పక్కన పెట్టేశాం.

సన్నజాజి72
ఇన్ని టపాలు చదివాక, నిన్న సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ మా అమ్మను నేరుగా అడిగాను. "అప్పట్లో ఆ దెబ్బకు ఎందుకమ్మా అంత సంబరపడ్డారు?" అని. ముందు విసుక్కుంది. సినిమాను సినిమాలా చూడలేరా అంది. గుప్పెడు కాయలు అయ్యేదాకా ఇద్దరమూ ఏమీ మాట్లాడలేదు. తరువాత తనే చెప్పింది. ఆ చిత్రాన్ని మొదటిసారి చూసినప్పుడు తనకు పెళ్ళయి మూడేళ్ళట, నేను ఒళ్ళో పిల్లనట. "ఆ సినిమాలో వాడు కొట్టాక కళ్ళు తుడుచుకుంటాడే, మీరు అక్కడిదాకా చూడలేదు. అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటాడు. కొట్టినవాడు బాధపడడం నేను మొదటిసారి చూసింది అక్కడే. మన ఇళ్ళల్లో కొట్టినవాడు అన్నం పెట్టమనేవాడు" అంది.

మా నాన్న పోయి పదమూడేళ్ళయింది. ఆయన అమ్మ మీద చేయి చేసుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. చూడలేదని మాత్రమే రాయగలను.

బామ్మమాట
అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

రీలుపెట్టె
అతను కళ్ళు తుడుచుకునే ఆ ముక్క కింద మేము సాధారణంగా వేణువు వేసేవాళ్ళం. ఇక మీద ఆ వేణువును నేను మామూలుగా వినలేనేమో.

కాఫీపొడి
సన్నజాజి గారూ, అంతకీ చిత్రం మిగతాది చూశారా?

సన్నజాజి72
లేదండీ. అమ్మాయి ఆపిన చోటే ఉంది. వచ్చే ఆదివారం అక్కడి నుంచే వేద్దామని అమ్మే అంది, శబ్దం తీసేసి.